పాత ఇంటికి కొత్త కాంట్రాక్టు: పుదుచ్చేరి పాఠం

వారసత్వ కట్టడాల పరిరక్షణ అనగానే మీకు శిల్పులు, చరిత్రకారులు గుర్తుకు వస్తారు. కాని ఆ పని చేసే స్వచ్ఛంద సంస్థ కార్యాలయంలోకి వెళ్ళి చూడండి. అక్కడ బల్ల మీద కనిపించేవి కొటేషన్లు, టెండరు కాగితాలు, బిల్లులు. ఒక కట్టడం నిలుస్తుందా, పాడవుతుందా అన్నది చాలాసార్లు ఈ కాగితాల్లోనే తేలిపోతుంది. అది ఎలాగో పుదుచ్చేరి పట్టణాన్ని ఉదాహరణగా తీసుకొని తెలుసుకుందాం.

1984లో ఢిల్లీలో ఏర్పడిన ఇంటాక్ సంస్థకు పుదుచ్చేరిలో శాఖ ఉంది. అక్కడి తమిళుల పేటలో వైశ్యాల్ వీధి ఉంది. వీధి వైపు పెంకుల చూరు, దాని కింద అరుగు, లోపల కొయ్య స్తంభాలు ఆ ఇళ్ళ ప్రత్యేకత. ఐరోపా సంఘం ఆసియా అర్బ్స్ కార్యక్రమం కింద ఇటలీలోని ఉర్బీనో, ఫ్రాన్సులోని విల్‌నవ్-సుర్-లో పట్టణాలు పుదుచ్చేరితో చేతులు కలపగా, 2002-2004 మధ్య ఈ వీధి ముఖభాగాలను బాగుచేశారు. ఈ కృషికి 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారాలలో గుర్తింపు లభించింది. ఖర్చులో కొంత ప్రాజెక్టు భరించింది, కొంత ఇంటి యజమానులు పెట్టుకున్నారు. ఇలాంటి పనిలో డబ్బు ఇద్దరిదీ. కాబట్టి మేస్త్రికి ఎవరు ఆదేశం ఇవ్వాలి, పని నచ్చకపోతే ఎవరు ఆపాలి అన్నది ఒప్పందంలో ముందే రాసుకోవాలి. లేకపోతే సగం గోడకు గార పూశాక తగాదా మొదలవుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఒక ఇంటి మరమ్మతుకు ఒకరు 6 లక్షలు, మరొకరు ఏడున్నర లక్షలు అడిగారనుకోండి. మీరైతే ఎవరికి ఇస్తారు? మామూలు టెండరు సూత్రం తక్కువ ధరకే ఇమ్మంటుంది. కాని మొదటివారు సిమెంటు లెక్క వేసి, రెండోవారు సున్నం లెక్క వేసి ఉంటే? పాత ఇటుక గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్ళీ బయటకు వదులుతుంది. సున్నపు గార దానికి అడ్డురాదు. గట్టి సిమెంటు పూత ఆ తేమను లోపలే బంధిస్తుంది. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు కూడా తోడై, లోపలి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. ఆదా చేసిన లక్షన్నర ఆ గోడ ప్రాణానికి వెల అన్నమాట!

అందువల్ల తెలివైన సంస్థ రెండు కవర్ల పద్ధతి పాటిస్తుంది. మొదటి కవరులో అనుభవం, చేతిపని నమూనా. అందులో నెగ్గినవారి ధర కవరే తెరుస్తారు. సున్నం ఎన్నాళ్ళు నానాలి, ఇసుక ఎంత కలపాలి అన్నది కూడా టెండరులోనే రాస్తారు. గోడ మీద చిన్న జాగాలో నమూనా పూయించి, దానిని ఆమోదించాకే మిగతా పని మొదలుపెట్టిస్తారు. సంప్రదాయ మేస్త్రీల విద్యను గౌరవించాలని 2004 నాటి ఇంటాక్ శాసనపత్రం చెబుతుంది. అయితే ధరావతు కట్టే స్తోమత, కాగితాలు నింపే అలవాటు ఆ మేస్త్రీలలో చాలామందికి ఉండవు. నియమాలు మరీ బిగిస్తే పని తెలిసినవాడు బయటే ఉండిపోతాడు, కాగితాలు తెలిసినవాడు లోపలికి వస్తాడు. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే.

ఇంకో సంగతి. పాత మిద్దె లోపల ఏముందో విప్పేదాకా తెలియదు. పైపూత తీశాక దూలం చివర చెదపట్టి కనిపిస్తుంది. మొత్తం పనికి ఒకే ధర మాట్లాడుకుంటే గుత్తేదారు ఆ దూలాన్ని చూడనట్టే కప్పేస్తాడు. అందుకే కొలతకు ఇంత అని రేటు పెట్టి, ఊహించని పనికి కొంత సొమ్ము వేరుగా ఉంచుతారు. అదనపు పని ఏదైనా లిఖిత అనుమతితోనే జరగాలి.

ఆలస్యం ఖరీదు కూడా తక్కువేమీ కాదు. సముద్రతీరాన ఉన్న 19వ శతాబ్దపు పురపాలక భవనం 'మెయిరీ' 2014 నవంబరు 29న వర్షాలకు కూలింది. ప్రపంచ బ్యాంకు రుణంతో, పాత రూపంలోనే తిరిగి కట్టిన భవనాన్ని 2021 ఫిబ్రవరిలో ప్రారంభించారు. రూపం తిరిగి వచ్చింది గాని పాత గోడలు రాలేదు.

ఇక డబ్బు విషయం. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలకు 2020 సవరణతో నియమాలు బిగిశాయి. ఆ సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలనా ఖర్చు 20 శాతం మించకూడదు. కాబట్టి మేస్త్రికి ఇచ్చిన ప్రతి చెల్లింపూ పనికా, నిర్వహణకా అన్నది బిల్లులోనే స్పష్టంగా ఉండాలి. సరుకు కావాలని అడిగేవారు, కొనేవారు, చెక్కు మీద సంతకం చేసేవారు వేర్వేరు మనుషులై ఉండాలి. ముగ్గురే ఉద్యోగులున్న చిన్న సంస్థలో ఇది కష్టమే. అలాంటిచోట కనీసం కొలతల పుస్తకాన్ని బయటి ఇంజనీరు చేత తనిఖీ చేయిస్తారు.

చివరి బిల్లులో కొంత సొమ్ము అట్టే పెట్టుకోవడం ఆనవాయితీ. పుదుచ్చేరిలో వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. వేసవిలో ముగిసిన పనికి ఆరు నెలల హామీ అంటే సరిగ్గా వానల నడుమ గడువు తీరిపోతుంది. అందుకని నెలలు లెక్కపెట్టకుండా, ఒక పూర్తి వానకాలం గడిచి, మిద్దె కారలేదని చూసుకున్నాకే ఆ సొమ్ము చెల్లిస్తామని ఒప్పందంలో రాసుకోవడం మేలు.