చలికాలమున కాణిపాకమునకు దారి



నేటి నా ప్రసంగము భక్తిని గూర్చినది కాదు, బాటను గూర్చినది. కార్తికము మొదలు సంక్రాంతి వఱకు మా కాణిపాకమునకు మోటారు కార్లలో వచ్చు జనము మిక్కుటము. కొందఱు బెంగుళూరు నుండి, కొందఱు చెన్నపట్టణము నుండి, కొందఱు కడప కర్నూళ్ల నుండి పిల్లలతోను వృద్ధులతోను బయలుదేరి వత్తురు. బయలుదేరుటకు ముందు వారడుగు ప్రశ్నలు రెండే: ఏ దారి దగ్గఱ? ఎన్ని గంటలు పట్టును? వేసవిలో ఈ రెండు ప్రశ్నలతో పని జరిగిపోవచ్చును. చలికాలమున వీనికి మఱి రెండు చేర్పవలసియున్నది. ఆ దారికి ఎగువను వాన కురిసినదా? ఘాటు వద్దకు నేను ఏ వేళకు చేరుదును? ఈ రెంటిని తెలిసికొనకుండ ఎన్నుకొనిన దారి ఎంత వెడల్పయినను నమ్మదగినది కాదని నా అభిప్రాయము.

హిమాలయ ప్రాంతమున చలికాలపు దారి చిక్కు వేఱు. రోహ్‌తాంగ్ కనుమ ఏటేట నెలల తరబడి మంచుతో మూసికొనిపోవుచుండుటచేత, కొండను తొలిచి 2020లో అటల్ సొరంగమును తెఱచిరి. అచ్చట అపాయము తెల్లని గోడవలె ఎదుట నిలుచును. మూసినారన్న పోరాదు, అంతటితో సరి. మన చిత్తూరు సీమలో అట్టి గోడ యేదియు అడ్డము రాదు. బాట తెఱచియే యుండును, బస్సులు తిరుగుచునే యుండును. మన చలికాలము సగము వాన, సగము పొగమంచు. అక్టోబరు నడుమ మొదలగు ఈశాన్య ఋతుపవనము డిసెంబరు వఱకు నిలుచును. ఆ నాళ్లలోనే బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టి మన వైపునకు నడచుచుండును. వానలు వెనుకబట్టిన పిమ్మట, నిండిన చెఱువుల మీదను తడిసిన నేల మీదను రాత్రి చలి దిగి, మార్గశిర పుష్యములలో తెల్లవాఱుజామున మంచు కమ్మును.

మా ఊరి పేరే నీటిని జ్ఞప్తికి తెచ్చునది. కాణి యనగా మాగాణి నేల, పారకమనగా ఆ నేలలోనికి నీరు పాఱుట. ఈ రెండు మాటలు కలసి కాణిపాకమైనదని పెద్దలు చెప్పుదురు. స్వామి వెలసినది బావిలో. గుడి యున్నది బాహుదానది యొడ్డున. చేతులు కోల్పోయిన లిఖితుడు ఈ యేటిలో మునిగి మరల చేతులు పొందెననియు, అందుచేత దీనికి బాహుద యను పేరు కలిగెననియు కథ. ఇచ్చట ప్రయాణికుడు తెలిసికొనదగిన చిన్న సంగతి యొకటి కలదు. బాహుద యను పేరుగల ఏఱు మదనపల్లె వైపున మఱియొకటి యున్నది. అది పింఛా యేటితో కలసి చెయ్యేఱగును. కనుక బాహుద పొంగినదను వార్త విన్నపుడు ఏ బాహుదయో అడిగి తెలిసికొనవలెను. దారి మార్చుకొనుట దానినిబట్టియే యుండును.

ఆ చెయ్యేటి సంగతి మఱవరానిది. 2021 నవంబరు 19వ తేదీ తెల్లవాఱుజామున, ఎగువను కురిసిన భారీ వానకు పింఛా జలాశయపు కట్ట తెగి, ఆ నీరు దిగువనున్న అన్నమయ్య జలాశయము మీదికి వచ్చిపడగా దాని కట్టయు కొట్టుకొనిపోయెను. ఏటి యొడ్డున నున్న పల్లెలు మునిగెను. రాజంపేట సమీపమున ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకొని ప్రయాణికులు ప్రాణములు కోల్పోయిరి. ఆ బస్సులు నడచినది అడవి బాట కాదు. నిత్యము జనము తిరుగు కడప తిరుపతి మార్గము. బస్సు మీద కురిసిన వాన కాదు వారిని ముంచినది, ఎక్కడనో కొండలలో రాత్రియంతయు కురిసిన వాన. ఎగువను వాన కురిసినదా యని నేనడుగుమన్న ప్రశ్నకు ఇదియే కారణము.

కడప నుండి మా వైపునకు రెండు దారులు కలవు. ఒకటి రాజంపేట, కోడూరు, రేణిగుంటల మీదుగా తిరుపతికి వచ్చి అటనుండి దిగువకు వచ్చునది. రెండవది గువ్వలచెఱువు ఘాటు ఎక్కి రాయచోటి, పీలేరుల మీదుగా చిత్తూరు వైపు వచ్చునది. చెయ్యేటి భయముచేత మొదటిది వదలి రెండవదానిని పట్టుదమని తోచుట సహజమే. కాని రాయచోటి సీమకును వంకలు, వాగులు లేకపోలేదు. పైగా వానలో గువ్వలచెఱువు మలుపులు లారీలతో నిండి జారుచుండును. అట్టి దినమున రెండు దారులలో ఏది మేలని వాదించుట వ్యర్థము. కడపలో ఆగిపోవుటయే మూడవ దారి. పటములో లేని ఈ దారిని మనవారు తలంపునకు రానీయరు. సెలవు ఒక్కనాడే యున్నదందురు.

తుఫాను తీరమును మాత్రమే బాధించునను నమ్మకము కూడ మనలో బలముగా నాటుకొనియున్నది. 2024 నవంబరు 30వ తేదీ రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దాపున తీరము దాటెను. అంతటితో తీఱినదని తలంచుచుండగా, తీరమునకు ఎంతో దూరమున, మన కుప్పమునకు పొరుగుననున్న కృష్ణగిరి జిల్లాలోని ఊత్తంగరైలో ఒక్క దినమున 50 సెంటీమీటర్లకు పైగా వాన కురిసెను. రోడ్డు ప్రక్క నిలిపిన వాహనములు నీటిలో కొట్టుకొనిపోయెను. కావున తుఫాను దాటిన మఱునాడు కూడ వాతావరణశాఖ వారి హెచ్చరికను చూడవలెను. పసుపు రంగు జాగ్రత్త పడుమనుట, నారింజ సిద్ధముగా నుండుమనుట. ఎఱుపు చూచిన పిమ్మట కాణిపాకము ప్రయాణము మఱియొక వారమునకు వాయిదా వేసికొనుడు. స్వామి ఎక్కడికిని పోడు.

ఇక చప్టాలు. మా పల్లెలలో వంకల మీద వంతెనకు బదులు ఎత్తు తక్కువగా కట్టిన చప్టాలు ఇంకను పెక్కు కలవు. చెఱువు మొరవ పాఱినపుడు వాని మీదుగా నీరు పోవును. అడుగు లోతు నీరు చిన్న కారును తేల్చి ప్రక్కకు నెట్టగలదు. రెండడుగుల నీరు ఎంత పెద్ద కారునైనను ఈడ్చుకొనిపోగలదు. బురద నీటిలో లోతు కనబడదు. నడుమ రోడ్డు తెగిపోయినదో లేదో అసలే కనబడదు. ముందు పోయిన ట్రాక్టరు దాటినది గదాయని కొందఱందురు. ట్రాక్టరు చక్రమెంత ఎత్తు, మీ కారు నేలకెంత దగ్గఱ? ఫోనులో కనబడు పటము వలన ఉపయోగము కలదని నేనొప్పుకొందును. అయితే అది నిమిషములను లెక్కించును గాని వంకలోని నీటిని లెక్కింపజాలదు. పెద్ద రోడ్డు వదలి అరగొండ వైపు పల్లెల మీదుగా పోయినచో కొంత కాలము కలసివచ్చునని అది చెప్పును. ఎండకాలమున అట్లే పొండు, మామిడి తోపుల నడుమ చక్కని దారి. వానపడిన రాత్రి మాత్రము చిత్తూరు మీదుగా వచ్చు పెద్ద రోడ్డునే పట్టుకొనుడు. చిత్తూరునుండి మా ఊరు పండ్రెండు కిలోమీటర్లకు లోపే.

బెంగుళూరు వారికి చిక్కు వేఱు విధముగా నుండును. వారిలో అధికులు కోలారు, ముళబాగిలు, పలమనేరుల మీదుగా వత్తురు. పలమనేరు సముద్రమట్టమునకు సుమారు 2,200 అడుగుల ఎత్తున నున్నది. చిత్తూరు సుమారు 1,100 అడుగులు. ఈ దిగుడులో ముఖ్యభాగము మొగిలి ఘాటు. రోడ్డు వెడల్పయినది, నడుమ విభాజకము కలదు. అదియే కన్ను గప్పునది. దిగుచున్నామను స్పృహ లేకయే వేగము పెరుగును. బరువుతో దిగు లారీ అదే పనిగా బ్రేకు మీద ఆధారపడినచో బ్రేకులు కాగి పట్టు విడుచును. 2024 సెప్టెంబరు 13వ తేదీన ఈ ఘాటులోనే ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని పలువురు మరణించిరి. అది చలికాలము కాదు, రాత్రియు కాదు. మంచులో అదే వాలు ఎట్లుండునో ఊహించుకొనవచ్చును. దిగువారు వాలు మొదలు కాకముందే గేరు తగ్గించి, ఇంజనే బండిని నిలువరించునట్లు చేయవలెను. ముందరి లారీకి దూరముగా నుండవలెను. వెనుక లారీ మీదికి వచ్చుచున్నచో దానికి దారియిచ్చి పంపివేయవలెను.

తిరుమల చూచుకొని బెంగుళూరికి మరలువారు కొందఱు మొగిలిని తప్పించుకొనుటకై చంద్రగిరి, భాకరాపేట, పీలేరు, మదనపల్లెల దారిని పట్టుదురు. అడవి నడుమ అందమైన దారియే. అయినను భాకరాపేట ఘాటు అందులో నున్నది. 2022 మార్చి 26వ తేదీ రాత్రి ధర్మవరము నుండి నిశ్చితార్థమునకు తిరుపతి వచ్చుచున్న పెండ్లివారి బస్సు అచ్చట లోయలో పడి పలువురు మృతి చెందిరి. నన్నడిగినచో పగటివేళ మొగిలి రోడ్డే మేలందును. అది వెడల్పు, దారిలో ఊళ్లు దగ్గఱ, సహాయము త్వరగా అందును. రాత్రివేళ ఏ ఘాటు మేలని అడిగినచో నా యొద్ద ఉత్తరము లేదు.

వేళను గూర్చి ఇంత పట్టుపట్టుటకు హేతువు లెక్కలో నున్నది. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారును ఆపవలెనన్న, కాలు బ్రేకు మీదికి పోవులోపలనే 22 మీటర్లు గడచును. పిమ్మట తడిరోడ్డు మీద మఱి 60 మీటర్లకు పైగా జరిగి నిలుచును. మొత్తము 85 మీటర్లనుకొనుడు. మంచులో 40 మీటర్లు మాత్రమే కనబడుచుండగా ఆ వేగమున పోవువాడు కండ్లు మూసికొని పోవువానితో సమానుడు. వేగమును 40కి తగ్గించినచో 27 మీటర్లలో ఆగవచ్చును. మంచులో పెద్ద వెలుతురు వేసినచో అది నీటి తుంపరల మీద పడి మన కంటికే తిరిగి కొట్టును. లైటు క్రిందికి దించి, రోడ్డు ఎడమ అంచు గీతను చూచుచు పోవలెను. రోడ్డు మీదనే బండి నిలుపరాదు. పెట్రోలు బంకు కనబడినచో అందులోనికి తిప్పి, టీ త్రాగి, ఎండ వచ్చువఱకు కూర్చుండుడు.

బెంగుళూరు వారు తెల్లవాఱకముందే దర్శనము కావలెనని అర్ధరాత్రి దాటిన పిమ్మట బయలుదేరుదురు. తత్ఫలితముగా నిద్ర ముంచుకొనివచ్చు వేళకు మంచును, మంచు వేళకే ఘాటును ఎదుర్కొందురు. ఉదయము ఆఱు గంటలకు బయలుదేరినవాడు మంచు విచ్చిన పిమ్మట మొగిలి దిగి, మధ్యాహ్నమునకు ముందే వరసిద్ధి వినాయకుని దర్శింపగలడు. దీనికి అడ్డువచ్చునది మనవారి పట్టిక. ఒక్క దినముననే తిరుమల, శ్రీకాళహస్తి, కాణిపాకము, శ్రీపురము బంగారు గుడి అన్నియు ముగింపవలెను! నాలుగు క్షేత్రములకు ఒక్కడే డ్రైవరు. మా స్వామి యెదుట ప్రమాణము చేసి మద్యము మానినవారు పెక్కుండ్రు. నిద్రమత్తులో బండి నడుపనని ప్రమాణము చేసినవాడొక్కడును ఇంతవఱకు నాకు కనబడలేదు.

మరలిపోవునపుడు సాయంకాలపు వేళను లెక్కలో నుంచుకొనుడు. డిసెంబరులో ఆఱు గంటలకే చీకటి పడును. పలమనేరు చుట్టునున్న అడవి కౌండిన్య అభయారణ్యములోనిది. అక్కడి ఏనుగులు పొలములకును చెఱువులకును వచ్చునపుడు రోడ్లను దాటును. కుప్పము వైపు పోవువారు దీనిని మఱింత గమనింపవలెను. నాలుగు గంటలలోపల కాణిపాకము వదలగలిగినవారు పొండు. అంతకు ఆలస్యమైనచో ఇచ్చట దేవస్థానము వారి వసతి గదులు కలవు, లేదా చిత్తూరులో బస దొరకును. ఇంటికి ఫోను చేసి, రేపుదయము మంచు విచ్చిన పిమ్మట బయలుదేరెదమని చెప్పుడు.