వీధివైపు రెండడుగులు

"తిన్నె ఎందుకమ్మా, కారు నిలబెట్టేదానికే చోటు చాలదు" అన్నాడు మేస్త్రి, ముగ్గుపిండితో నేల మీద గీత పోస్తూ. మావారు తలూపారు. మా అత్త మాత్రం ఏమీ అనలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, ఇసుక కుప్ప పక్కనున్న ఇటుకల మీద కూర్చుంది.

తిరుపతిలో ఎమ్మార్ పల్లి వైపు మాకు 40 అంకణాల జాగా ఉంది. పదిహేనేళ్లు అద్దె ఇళ్లలో తిరిగాక సొంతిల్లు కట్టుకుందామని పూనుకున్నాం. మేమిద్దరం ఉద్యోగాలకు పోయేవాళ్లమే. పిల్లలు బడికి వెళితే ఇంట్లో మిగిలేది అత్త ఒక్కతే. పాకాల దగ్గర పల్లెలో ఆమె తిన్నె మీద కూర్చునే చింతపండు కొట్టింది, అనపకాయలు వలిచింది, ఊరందరి మంచీచెడ్డా కనుక్కుంది. మామ పోయాక మా దగ్గరికి వచ్చింది. అద్దెకున్నది మూడో అంతస్తు. ఒకరోజు సాయంత్రం నేను వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి మెట్ల మీద కూర్చుని ఉంది. "ఎవురన్నా దిగతారేమోనని చూస్తా ఉండాను మే" అంది. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు.

అందుకే నాకు తిన్నె కావాలి. కానీ ఎందుకు కావాలో చెప్పబోతే పాతకాలపు ముచ్చటని తీసిపారేస్తున్నారు. పుస్తకాల్లో ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాను. ఇల్లు కట్టడం గురించి తెలుగులో పుస్తకం కావాలంటే షాపులో కుర్రాడు ఏడు వాస్తు పుస్తకాలు తీసి బల్ల మీద పేర్చాడు. వాస్తుతో నాకు తగవు లేదు, ఈశాన్యం ఎటో మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ వంటింట్లో నిలబడితే గేటు దగ్గరికి ఎవరొచ్చారో కనబడాలంటే కిటికీ ఎక్కడ పెట్టాలో ఆ ఏడింటిలో ఒక్కటీ చెప్పలేదు.

మా అక్క కూతురు విజయవాడలో ఆర్కిటెక్చర్ చదువుతోంది. నా గోడు ఫోన్లో విని, సెలవులకు వస్తూ సంచి నిండా పుస్తకాలు, పత్రికలు మోసుకొచ్చింది. "పిన్నీ, ఇవన్నీ లైబ్రరీవి, పసుపు మరకలు పడకుండా చూడు" అని మరీ ఇచ్చింది.

బిందె కనబడని వంటిళ్లు

ముందు పత్రికలే తిరగేశాను. బొమ్మలుంటాయి కదా! 1928లో ఇటలీలో పుట్టిన 'డొమస్' పత్రికకు మన దేశంలో 2011లో భారతీయ సంచిక మొదలైంది. మరుసటి ఏడాది 'ఆర్కిటెక్చరల్ డైజెస్ట్' కూడా వచ్చింది. నున్నటి కాగితం, కళ్లు చెదిరే ఫొటోలు. అయితే ఎన్ని పేజీలు తిప్పినా ఆ ఇళ్లలో మనుషులు కనబడరు. వంటింట్లో నీళ్ల బిందె ఉండదు, దండెం మీద తడి చీర ఉండదు, గుమ్మం ముందు ముగ్గు ఉండదు. ఒక హాలు ఫొటో చూసి అత్త, "ఈ ఇంట్లో ఎవురూ కాపురముండరా?" అని అడిగింది. మా అమ్మాయికి నవ్వాగలేదు. ఆ పత్రికల నుంచి నేను నేర్చుకున్నది కాస్తో కూస్తో రంగుల సంగతి. అంతకన్నా ఎక్కువ ఆశించడం నాదే తప్పేమో.

సంచి అడుగున ఉన్న పుస్తకాలు అలా కాదు. బాలకృష్ణ దోషీ గురించిన పుస్తకం ఒకటి చేతికొచ్చింది. వాస్తుశిల్పులకు ప్రపంచంలోనే పెద్ద బహుమతిగా చెప్పుకునే ప్రిట్జ్కర్‌ను 2018లో అందుకున్న మొదటి భారతీయుడు ఆయన. 2023లో కన్నుమూశారు. ఇండోర్ నగరంలో పేదల కోసం 1980లలో 'అరణ్య' అనే కాలనీకి ఆయన రూపకల్పన చేశారు. ఒక్కో కుటుంబానికి చిన్న స్థలం, నీటి కుళాయి, మరుగుదొడ్డి ఇచ్చి, చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా మిగతా ఇల్లు వాళ్లే కట్టుకునేలా ఏర్పాటు చేశారు. 1995లో దానికి ఆగాఖాన్ అవార్డు వచ్చింది. అక్కడ నమూనాగా కట్టి చూపించిన ఇళ్ల ముందు మెట్టులాంటి గట్టు ఉంటుంది. గుజరాతీలో దాన్ని ఓట్లా అంటారట. ఆ గట్టు మీద ఆడవాళ్లు కూర్చున్న ఫొటోను అత్త కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఇది మన తిన్నే కదా మే!"

మావారు కూడా వంగి చూశారు. చూసి, "అక్కడ స్థలం గవర్నమెంటుది, ఇక్కడ మనది" అన్నారు. అదీ నిజమే.

చార్లెస్ కొరియా వ్యాసాల పుస్తకం 'ఎ ప్లేస్ ఇన్ ద షేడ్' 2010లో వచ్చింది. కొరియా పుట్టింది మన సికింద్రాబాదులోనే, 1930లో. వేడి దేశాల్లో నాలుగు గోడల పెట్టె ఒక్కటే ఇల్లు కాదని, వరండా, మిద్దె, చెట్టు నీడ, ఆకాశం కనబడే వాకిలి అన్నీ ఇంట్లో భాగాలేనని ఆయన వాదన. ఎండాకాలం రాత్రుళ్లు చిత్తూరు కట్టమంచిలో మా పుట్టింటి మిద్దె మీద నీళ్లు చల్లి వరసగా పడుకున్నవాళ్లం మాకది కొత్త సంగతి కాదు. కాకపోతే అంత పెద్దమనిషి చెబితే దానికి విలువ వేరు!

ఊరికే కూర్చునే హక్కు

నా వాదనకు అసలు బలమిచ్చింది మాత్రం ఒక పాత పుస్తకం. అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లో పెద్ద నగరాల చావుబతుకుల మీద రాసింది. ఆవిడకు డిగ్రీ లేదు. ఆర్కిటెక్చర్ పత్రికలో పనిచేసే విలేఖరి, ముగ్గురు పిల్లల తల్లి. వీధికి భద్రత ఒక్క పోలీసులతోనే రాదు, ఇళ్లలోంచి, అంగళ్లలోంచి వీధిని చూసే కళ్లవల్ల వస్తుందని ఆవిడ చెప్పింది. అది చదువుతుంటే నాకు మా కాలనీ గుర్తొచ్చింది. రెండు పక్కలా ఏడడుగుల గోడలు, ఇనుప గేట్లు, కింద కార్లు. రాత్రి ఎనిమిదికి ట్యూషన్ నుంచి మా అమ్మాయి నడిచి వస్తుంటే చూసే కళ్లెక్కడున్నాయి?

ఆడవాళ్లు ముగ్గురు కలిసి రాసిన 'వై లాయిటర్?' 2011లో వచ్చింది. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి వీధుల్లో ఆడవాళ్ల తిరుగుడు మీద పరిశోధన చేసి రాశారు. ఆడది బయట కనబడితే చేతిలో ఏదో ఒక పని ఉన్నట్టు కనబడాలి. కూరగాయల సంచో, బడిపిల్లలో, ఆఫీసు బ్యాగో ఉండాలి. పనేమీ లేకుండా ఊరికే నిలబడే హక్కు కూడా కావాలంటారు వీళ్లు. మొదట చదివినప్పుడు ఇదేం కోరిక అనుకున్నాను. ఆ శుక్రవారం గోవిందరాజస్వామి గుడికి వెళ్లినప్పుడు చూశాను. గుడి చుట్టూ, నాలుగు కాళ్ల మండపం దాకా, ఏ మెట్టు మీద చూసినా ఆడవాళ్లే. తల ఆరబెట్టుకునేవాళ్లు, పులిహోర పొట్లం విప్పుకున్నవాళ్లు, బిడ్డను ఒళ్లో వేసుకుని కునికేవాళ్లు. ఇక్కడెందుకు కూర్చున్నారని వాళ్లను అడిగే నాథుడు లేడు, ఎందుకంటే వాళ్లు యాత్రికులు. అదే ఊళ్లో కాపురముండే నేను, బస్టాపులో కాకుండా మా వీధి మలుపులో పదినిమిషాలు నిలబడితే ఇద్దరైనా 'ఏమైంది మేడం' అని అడుగుతారు.

వియన్నా నగరంలో ఈ సంగతి ముందే పట్టించుకున్నారు. ఊళ్లో ఆడవాళ్ల రోజు ఎలా గడుస్తుందో చూపిస్తూ 1991లో అక్కడ ఫొటోల ప్రదర్శన పెట్టారు. తర్వాత ఆడ వాస్తుశిల్పులే గీసిన 357 ఇళ్ల సముదాయం 1997కు పూర్తయింది. వంటింటి కిటికీలోంచి కింద ఆడుకునే పిల్లలు కనబడతారట! నాకు ఏ వాస్తు పుస్తకంలోనూ దొరకని కిటికీ అది.

మేస్త్రి ముట్టుకున్న పుస్తకం

ఇవన్నీ ఇంగ్లీషు, పైగా ఖరీదు. మేస్త్రి చేతిలోకి తీసుకున్నది ఒక్కటే, లారీ బేకర్ చిన్న పుస్తకం. ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడి 2007లో పోయిన ఈయన పొదుపు ఇళ్ల గురించి తన చేత్తో బొమ్మలు గీసి పుస్తకాలు రాశారు. ఇంటర్నెట్లో ఉచితంగానే దొరుకుతాయి. ఇటుకలను పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కడితే ఇటుక దాదాపు నాలుగోవంతు మిగులుతుంది, ఆ ఖాళీలో గాలి నిలిచి ఎండ వేడి లోపలికి తగ్గుతుంది. "నిలబెట్టి కడితే గోడ నిలబడుతుందా?" అన్నాడు మేస్త్రి. బొమ్మను తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఇంగ్లీషు అక్షరం రాని ఆ మనిషికి బొమ్మ మొత్తం అర్థమైంది. మరునాడు అలా మూడు వరసలు పేర్చి, కాలితో తన్ని చూసి, పడమటి గోడకు సరేనన్నాడు.

తిన్నె దగ్గరే పీటముడి పడింది. వీధి కాలువ మీదికి వస్తే మున్సిపాలిటీ వాళ్లు పగలగొడతారు, అది న్యాయమే. కట్టాలంటే మన జాగాలోనే ప్రహరీని రెండడుగులు లోపలికి జరపాలి. "సెంటు లక్షలు పలికే చోట రెండడుగులు వీధికి దానం చేస్తామా?" అని మావారు. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి నేను జేకబ్స్ సంగతి కాదు, ట్యూషన్ సంగతి చెప్పాను. రాత్రి ఎనిమిదికి మీ అమ్మ ఆ తిన్నె మీద కూర్చుని ఉంటే మన పిల్ల మలుపు తిరిగిన దగ్గర్నుంచి కనబడుతుంది అన్నాను. ఆయన ప్లాను కాగితం తెప్పించి, ప్రహరీని ఏడడుగుల నుంచి మూడున్నరకు తగ్గించారు. పెద్ద కారు ఆలోచన మానుకున్నారు. వంటింటి కిటికీ మాత్రం నేననుకున్న చోటికి రాలేదు, అక్కడ పైపులొచ్చాయి.

గృహప్రవేశమై ఎనిమిది నెలలైంది. తిన్నె మీద కడప బండ పరిచాం. ఇబ్బందులు లేవని అనను. రాత్రిపూట కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు, ఎవరో ఒకరు స్కూటరు అడ్డం పెట్టి పోతారు, మావారు గొణుక్కుంటారు. ఆకుకూరలమ్మ మాత్రం గంప దించి నీళ్లడిగి తాగుతుంది. ఎదురింటావిడ పేరు ఇన్ని నెలల్లో నేను కనుక్కోలేదు. అత్త మొదటి వారంలోనే ఆవిడ పుట్టిల్లు పుంగనూరని, పెద్ద కోడలికి ఏడో నెలని చెప్పింది.

పుస్తకాలు తిరిగిచ్చేశాం. దోషీ పుస్తకాన్ని మాత్రం మా అమ్మాయి ఇంకోసారి తెచ్చింది, అవ్వ అడిగిందని. మధ్యాహ్నం తిన్నె మీద ఎండ పడుతోంది, ఆ ఇండోరు వాళ్లు నీడకేం చేసుకున్నారో చూడాలట.