పిల్లలకి నేర్పాల్సిన చిన్న ప్రశ్న

పరీక్షలు దగ్గరపడ్డాయంటే చాలు, జ్ఞాపకశక్తి పెంచే పొడుల మాట మొదలవుతుంది. "వాళ్ళబ్బాయి అది తాగే తొంభై మార్కులు తెచ్చుకున్నాట్ట వదినా!" అని ఎవరో అంటారు. సాయంత్రానికి డబ్బా మనింట్లో ఉంటుంది. అబ్బాయి తాగడం నిజం, మార్కులు రావడమూ నిజమే. కానీ తాగినందువల్లే వచ్చాయని ఎలా తెలిసింది? సైన్సు పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా అప్పజెప్పే పిల్లలకి కూడా ఈ ప్రశ్న తట్టదు.

ఈ ప్రశ్న తల్లుల ప్రాణాలు నిలబెట్టిన సందర్భం ఒకటుంది. 1846లో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే యువ డాక్టరు వియన్నాలోని పెద్దాసుపత్రిలో చేరాడు. అక్కడ పురుళ్ళకి రెండు వార్డులు. మొదటి దాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుడు పోసేవారు. రెండో దాంట్లో మంత్రసానులు. మొదటి వార్డులో సగటున నూటికి పదిమంది బాలింత జ్వరంతో పోయేవారు. రెండో వార్డులో నలుగురు కూడా కాదు. మొదటి వార్డులో వేయొద్దని ఆడవాళ్ళు కాళ్ళావేళ్ళా పడేవారట.

"గాలి మంచిది కాదు" అన్నారు పెద్దలు. రెండు వార్డులకీ గాలి ఒక్కటేగా! "జనం ఎక్కువ" అన్నారు. రెండో వార్డే ఇంకా కిక్కిరిసి ఉండేది. చనిపోయేవారి దగ్గరికి గంట మోగిస్తూ వచ్చే మతగురువుని చూసి భయపడి పోతున్నారన్నారు. గంట ఆపించి, దారి మార్పించి చూశాడు. చావులు తగ్గలేదు. పురుడు పోసేటప్పుడు పడుకోబెట్టే తీరు మార్చాడు. అయినా లాభం లేదు.

1847లో ఆయన స్నేహితుడైన డాక్టరు ఒకాయన, శవపరీక్షలో కత్తి గాటు పడి చనిపోయాడు. ఆయన శరీరంలోనూ బాలింతల్లో కనిపించిన లక్షణాలే! అప్పుడు తట్టింది. డాక్టర్లు శవాలు కోసి తిన్నగా పురుళ్ళకి వస్తున్నారు, మంత్రసానులకి ఆ పని లేదు. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కుని తీరాలన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 ఉన్న చావులు జూన్‌కి రెండుకి దిగాయి. సూక్ష్మక్రిముల వల్ల జబ్బులొస్తాయని ఇంకా రుజువు కాని రోజులవి. అయినా చాలామంది పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. తప్పు తమ చేతుల్లోనే ఉందంటే ఎవరికి రుచిస్తుంది?

ఇందులో పిల్లలు నేర్చుకోవాల్సింది ఇదే. కారణం చెప్పగానే సరే అనకూడదు. పక్కన పెట్టి పోల్చడానికి ఇంకొకటి ఉందా అని చూడాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి.

దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. ఎండుమిరప తొడిమ వేస్తే పాలు తోడుకుంటాయంటారుగా! కాచి చల్లార్చిన పాలు రెండు గిన్నెల్లో పోయించండి. ఒకదాంట్లో తొడిమలు వేయించి, రెండూ ఒకేచోట పెట్టించండి. ఏమవుతుందో ముందే కాగితం మీద రాయమనండి. తొడిమ వేయని గిన్నె ఎందుకమ్మా అంటారు. పాలు వాటంతటవే విరగొచ్చు, పులవొచ్చు. ఆ గిన్నె లేకపోతే ఆ సంగతి తెలిసేదెలా? ఒక్కసారితో సరిపెట్టకుండా మళ్ళీ మళ్ళీ చేయించండి. ఆ పాలు చూడ్డానికే, తాగడానికి కాదు.

ఇక పొడి డబ్బా సంగతి. అది తాగకుండా మార్కులు తెచ్చుకున్నవాళ్ళెందరు? తాగీ తప్పినవాళ్ళెందరు? ఆ ఏడే అబ్బాయి ట్యూషన్‌లో కూడా చేరాడా? గొప్పగా చెప్పేవాళ్ళు అమ్ముకునేవాళ్ళేనా? ఈ మాటలు మన పిల్లలే మనల్ని అడిగితే ఎదురు ప్రశ్న వేస్తున్నారని కసురుకోకండి. సైన్సు వంటబట్టిందని సంతోషించండి.