బేక్‌వెల్ సంతకు ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను!

పోయినేడు మా అమ్మాయి పురిటికని ఇంగ్లండులోని షెఫీల్డ్ వెళ్ళాను. వెళ్ళినప్పటి నుంచీ వంటిల్లు, ఉయ్యాల, పసిబిడ్డ స్నానం, ఇదే లోకం. ఒక సోమవారం మా అల్లుడు సెలవు పెట్టి, "అత్తయ్యగారూ, ఇవ్వాళ పాపను నేను చూసుకుంటాను. మీరు బేక్‌వెల్ సంత చూసి రండి" అని బస్సెక్కించాడు. నాకున్నది ఇంటర్మీడియెట్ ఇంగ్లీషు. దేశం కాని దేశంలో ఒంటరి ప్రయాణం! గుండె దడదడలాడింది. కానీ వెళ్ళకపోతే ఎంత పోగొట్టుకునేదాన్నో మీరే చూడండి.

సోమవారం సంత

బేక్‌వెల్ డెర్బీషైర్ కొండల మధ్య, వై నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. చుట్టూ ఉన్నది 1951లో ఏర్పడిన పీక్ డిస్ట్రిక్ట్, బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ పార్కు. ఊళ్ళో శతాబ్దాల నాటి నుంచీ సంత జరుగుతోంది. ఇప్పటికీ సోమవారం నాడే. కూరలు, చీజు, పూలమొక్కలు, బట్టలు అన్నీ ఉంటాయి. పశువుల సంత కూడా ఆ రోజే. బేరాలు మాత్రం మనలా ఆడరండోయ్!

నదిపై అయిదు కమానుల రాతి వంతెన ఉంది. కట్టి 700 ఏళ్ళు దాటినా దాని మీద ఈనాటికీ బండ్లు నడుస్తున్నాయి. కింద బాతులు, తేట నీళ్ళలో చేపలు. పిల్లలతో వెళ్తే అక్కడి నుంచి కదలనివ్వరు.

పొరపాటున పుట్టిన తీపి

ఈ ఊరి పేరు చెప్పగానే అక్కడి వాళ్ళకు గుర్తొచ్చేది బేక్‌వెల్ పుడ్డింగు. ఒక సత్రంలో వంటామె యజమానురాలు చెప్పింది సరిగ్గా అర్థం చేసుకోక, పిండిలో కలపాల్సిన గుడ్ల మిశ్రమాన్ని జామ్ మీద పోసేసిందట. అతిథులు లొట్టలేసుకుని తిన్నారట! కథ నిజమో కాదో గానీ, 1845లో ఎలైజా ఆక్టన్ వంటల పుస్తకంలోనే ఈ పుడ్డింగు ఉంది. కింద పొరలు పొరలుగా మైదా పేస్ట్రీ, పైన జామ్, ఆపైన గుడ్లు, వెన్న, పంచదార, బాదం కలిపిన మిశ్రమం. గుడ్డు తినని వాళ్ళు జాగ్రత్త. అసలు వంటకం మాదంటే మాదని దుకాణాలు పోటీ పడుతుంటాయి.

ఆ పాత ఇంట్లో

గుట్ట మీది ఆల్ సెయింట్స్ చర్చి ఆవరణలో వెయ్యేళ్ళ పైబడిన చెక్కడపు రాతి శిలువలున్నాయి. లోపల డొరోతీ వెర్నన్ సమాధి ఉంది. తోబుట్టువు పెళ్ళి విందు సందడిలో, నచ్చిన జాన్ మానర్స్‌తో హాడన్ హాల్ కోట నుంచి లేచిపోయిందని ఆమె గురించి చెప్పుకుంటారు. ఆ దంపతులిద్దరి బొమ్మలూ సమాధి మీద ఎదురెదురుగా మోకరిల్లి ఉంటాయి. ఆ కోట ఊరికి మూడు కిలోమీటర్ల దూరమే.

చర్చికి దగ్గర్లోనే ఓల్డ్ హౌస్ మ్యూజియం. 16వ శతాబ్దపు ఇల్లు. నీటి శక్తితో నూలు వడికే యంత్రానికి 1769లో పేటెంటు పొందిన రిచర్డ్ ఆర్క్‌రైట్ ఈ ఊళ్ళోనూ మిల్లు పెట్టి, ఈ ఇంటిని గదులుగా విడగొట్టి కూలీల కుటుంబాలను ఉంచాడు.

అక్కడ నా కాళ్ళు ఆగిపోయాయి. మా అమ్మమ్మగారిది మంగళగిరి, మగ్గం ఉన్న ఇల్లు. "ఒకప్పుడు ఇంటింటా ఆడవాళ్ళే రాట్నం తిప్పేవాళ్ళట. సీమ నూలు వచ్చాక ఆ కూడు పోయిందట" అని ఆవిడ చెప్తుండేది. ఆ నూలు పుట్టింది ఇలాంటి మిల్లుల్లోనే కదా అని ముందు కోపమే వచ్చింది. తర్వాత ఆ ఇరుకు గదులు చూశాను. మిల్లుల్లో పనిచేసింది ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలూనట. తెల్లారకుండా లేచి, పసిపిల్లల్ని వెంటబెట్టుకుని పోయిన ఆ తల్లుల మీద కోపం నిలవలేదు. అక్కడా ఇక్కడా నలిగింది మనలాంటి వాళ్ళే.

సాయంత్రం పుడ్డింగు పొట్లంతో ఇంటికొచ్చి, పాపను ఒళ్ళో వేసుకుని అమ్మాయికి ఆ రాట్నాల సంగతి చెప్పాను. తనకు తెలియనే తెలియదట. అమ్మమ్మ నాకు చెప్పింది, నేనెందుకు ఇన్నాళ్ళూ చెప్పలేదా అనిపించింది.

మీ పిల్లలు అటువైపు ఉంటే, సోమవారం చూసుకుని వెళ్ళండి. మ్యూజియం, కోట తెరిచే రోజులు ముందే కనుక్కోండి. రాళ్ళబాటలు కనుక చెప్పులొద్దు, బూట్లు వేసుకోండి. గొడుగు మరిచిపోకండి. ఒంటరిగానైనా సరే, భయపడకండి. నేను వెళ్ళొచ్చాను కదా!