ప్రత్తిచేనిలో పాలపిట్ట

విజయదశమినాడు పాలపిట్టను చూచినవారికి శుభము కలుగునని మన పెద్దల నమ్మకము. ఆనాడు పిల్లలు, పెద్దలు ఊరి పొలిమేర దాటి పొలములలోనికి పోయి, తాటిమోడులపైనను తీగలపైనను ఆ నీలిరెక్కల పక్షికొరకు వెదకుదురు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో ఆ వేళకు ప్రత్తి పూత, కాయ మీద నుండును. మిరప నాటి కొద్ది వారములై యుండును. ఆ చేల నడుమ పాలపిట్టకు పని యేమి?

అది ఆహారమునకై వచ్చినది. మిడుతలు, పేడపురుగులు, కీచురాళ్ళు, గొంగళిపురుగులు దాని భోజనము. ఎత్తయిన చోట కదలక కూర్చుండి, నేలపై ఏదేని కదలినంతనే వాలి పట్టుకొనును. ఏట్రింత, గోరింక, కొంగ కూడ ఇట్టి సాయమే చేయుచుండును. కూలి యడుగని ఈ పనివారు నేడు తగ్గిపోవుచున్నారు. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక, తగ్గుచున్న పక్షులలో పాలపిట్టను గూడ పేర్కొన్నది. అది ఇంకను అంతరించు జాతుల పట్టికలో చేరలేదు. చేరకుండ చూడవలెనన్నచో, ఇదివరకే చేరిన మరియొక పక్షి కథను మనము తెలిసికొనవలెను.

బట్టమేకపిట్ట కథ

ప్రకాశం జిల్లానుండి నల్లమల కొండలు దాటి పడమరకు పోయినచో, నందికొట్కూరు ప్రాంతమున రోళ్ళపాడు అను గ్రామము కలదు. అచ్చటి గడ్డిబీళ్ళలో బట్టమేకపిట్ట నివసించుటచే 1988లో ఆ ప్రదేశమును అభయారణ్యముగా ప్రకటించిరి. ఈ పక్షి సుమారు మీటరు ఎత్తుండును. మగపక్షి 15 కిలోలవరకు తూగును. గూడు కట్టదు, వట్టి నేలపై సాధారణముగా ఒకే గ్రుడ్డు పెట్టును. కావున దాని సంతతి మిగుల మెల్లగా పెరుగును.

జొన్న, వేరుశనగ మొదలగు మెట్టపంటల నడుమ ఈ పక్షి మిడుతలను తినుచు రైతుతోపాటు బ్రదికినది. నీటివసతి పెరిగి, ఆ చేలు ప్రత్తి, ప్రొద్దుతిరుగుడు, పొగాకు వంటి పంటలకు మారినకొలది దానికి నిలువనీడ లేకపోయినది. బీళ్ళు దున్నుటచే గ్రుడ్డు పెట్టు చోటు పోయినది; మందులు చల్లుటచే ఆహారము పోయినది. వేట, ఊరకుక్కలు, విద్యుత్తు తీగలు దాని కష్టములను ఇనుమడింపజేసినవి. 2011లో ఇది అత్యంత ప్రమాదస్థితిలోనున్న జాతుల పట్టికకు ఎక్కినది. నేడు దేశమంతటను మిగిలినవి 200కు లోపే. రోళ్ళపాడులో దాని దర్శనమే అపురూపమైనది.

విషము నడచు త్రోవ

ప్రత్తి, మిరప పురుగుమందులను మిక్కిలిగా కోరు పంటలు. చేనిపై చల్లిన మందు పక్షిని మూడు త్రోవల బాధించును.

మొదటిది ప్రత్యక్ష విషము. నరము కండరమునకు ఒక రసాయన పదార్థము ద్వారా కబురు పంపును. కబురు అందినంతనే ఆ పదార్థమును ఒక ఎంజైము విరిచివేయును. మోనోక్రోటోఫాస్ వంటి మందులు ఈ ఎంజైమును బంధించును. అప్పుడు, మ్రోగుచున్న గంటను ఆపువాడు లేనట్లు, కండరము వణకుచునే యుండి, తుదకు శ్వాస నిలిచిపోవును. 1995, 1996 సంవత్సరములలో అర్జెంటీనా పొలములలో మిడుతలపై ఈ మందు చల్లగా, ఆ మిడుతలను తిన్న వలసగద్దలు వేలకొలది చచ్చిపడినవి. మందు అమ్మకము నిలిపివేసిన తరువాతనే ఆ మరణములు చాలవరకు ఆగినవి. మన ప్రత్తిరైతులు చాలకాలము విరివిగా వాడినదియు ఈ మందే. 2005లో మన దేశమున దీనిని కూరగాయలపై వాడరాదని నిషేధించిరి.

రెండవది నిలువయగు విషము. డి.డి.టి. శరీరపు క్రొవ్వులో చేరి, పురుగునుండి చిన్నపక్షికి, చిన్నపక్షినుండి డేగకు పోవుచు అంతకంతకు చిక్కబడును. దానివలన గ్రుడ్డు పెంకు పలుచబడి, పొదుగు తల్లి బరువుకే పగిలిపోవును. మన దేశమున వ్యవసాయమునందు దీని వాడుకను 1989లో నిషేధించిరి.

మూడవది ఆకలి. పక్షికి విషము సోకకున్నను, చేనిలో పురుగే లేనప్పుడు అది బ్రదుకుట యెట్లు?

రైతుకు దక్కిన దేమి?

ఇంత విషమునకును పురుగు లొంగినదా యన్నచో, లేదు. పదేపదే చల్లగా మందుకు తట్టుకొనిన పురుగులే మిగిలి సంతతిని పెంచును. వాటిని తిను సాలీళ్ళు, అక్షింతల పురుగులు మాత్రము ముందుగా నశించును. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ విజృంభించి ప్రత్తిని నాశనము చేసెను. అప్పులపాలైన రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. 2002లో వచ్చిన బి.టి. ప్రత్తి కాయతొలుచు పురుగుల మందును కొంతకాలము తగ్గించినది. కాని రసము పీల్చు పురుగులను అది ఆపలేదు, గులాబీరంగు పురుగు క్రమముగా దానికిని అలవాటుపడినది. 2021లో మిరపపై నల్ల తామరపురుగు పడినప్పుడు మరల పిచికారీలే శరణ్యమైనవి. పక్షి నష్టమును రైతు నష్టమును వేరువేరు కావని దీనివలన తేటపడుచున్నది.

మార్గము లేకపోలేదు. గట్లవెంట జొన్న వరుసలు, చేనిలో ఎరపంటగా బంతి, ఆముదము, లింగాకర్షక బుట్టలు, వేపగింజల కషాయము, ఇవన్నియు రైతులెరిగిన పద్ధతులే. చేనిలో అక్కడక్కడ కొయ్యలు పాతి పక్షిస్థావరములు నిలిపినచో, పాలపిట్టయు ఏట్రింతయు వాటిపై వాలి పురుగులను ఏరివేయును. మన రాష్ట్రమున 2016నుండి ప్రభుత్వము ప్రకృతి వ్యవసాయమును ప్రోత్సహించుచున్నది.

కొనువారి వంతు

పట్టణములలోని మనకు ఇందులో పాత్ర యేమి అని పాఠకులు అడుగవచ్చును. గుంటూరు మిరప విపణియే దీనికి జవాబు. విదేశములవారు తమ మిరపలో పురుగుమందు అవశేషము ఇంతకు మించరాదని హద్దు పెట్టుదురు. పరీక్షలో మించినచో సరకు తిరుగుముఖము పట్టును. అందువలన ఎగుమతికొరకు మందు తగ్గించి పండించు రైతులు ఏర్పడిరి. దూరదేశపు గిరాకి చేనివరకు రాగలిగినప్పుడు, మన యింటి గిరాకి రాలేదా?

మిరపకాయలు, కారము కొనునప్పుడు సేంద్రియ ధ్రువీకరణ ముద్ర ఉన్నదేమో చూడుడు. లేనిచో అంగడివానిని అడుగుడు. అడుగువారు పెరిగిననే అమ్మువారు తెత్తురు. కాయపై చిన్న గీత యున్నంతనే త్రోసివేయకుడు. బూజు పట్టినదానిని మాత్రము తినరాదు. నూలుబట్టను చిరుగువరకు కట్టుడు. వీలైనచో సేంద్రియ ప్రత్తితో నేసినది కొనుడు. వారమునకు కొన్ని పూటలు జొన్న, సజ్జ, కొఱ్ఱ వండుకొనుడు. ఈ మెట్టపంటలకు మందుల యవసరము స్వల్పము. బట్టమేకపిట్ట సంచరించినది ఇట్టి చేల నడుమనే.

మందు తగ్గించిన తొలి యేండ్లలో దిగుబడి తగ్గినచో ఆ నష్టము రైతు యొక్కడే మోయలేడు. మేలైన సరకుకు రెండు రూపాయలు హెచ్చు చెల్లించుట దానము కాదు. చేనిని కాచినందుకు మన మిచ్చు కూలి.

రాబోవు విజయదశమినాడు పొలమునకు పోయినప్పుడు పాలపిట్ట కనబడినచో నమస్కరించుడు. కనబడకున్నచో, అది ఏల రాలేదో పిల్లలకు చెప్పుడు.