ఫ్రెంచ్ సర్వనామాలకు దగ్గరి దారి మన తెలుగే!



ఫ్రెంచ్ ఆన్సర్ షీట్లు దిద్దేటప్పుడు ఒక తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ‘రవిని చూస్తున్నాను’ అన్న వాక్యాన్ని పిల్లలు ‘జె వ్వా రవి’ అని సరిగ్గానే రాస్తారు. రవి పేరు తీసేసి ‘అతన్ని’ పెట్టమంటే మాత్రం ‘జె వ్వా లె’ అని రాసేస్తారు. సరైన జవాబు ‘జె లె వ్వా’. ఇందులో ‘లె’ అంటే అతన్ని, ‘వ్వా’ అంటే చూస్తున్నాను.

పొరపాటు ఎక్కడ జరిగింది? పిల్లలు వాక్యాన్ని ముందు ఇంగ్లిష్‌లో అనుకుంటారు. ‘ఐ సీ హిమ్’లో ‘హిమ్’ క్రియ తర్వాత వస్తుంది. ఫ్రెంచ్‌లో ఆ సర్వనామం క్రియకు ముందే రావాలి. మనం కూడా ‘నేను అతన్ని చూస్తున్నాను’ అనే కదా అంటాం! వరుస అచ్చంగా అదే.

రెండో చిక్కు ‘లె’ రాయాలా, ‘లుయి’ రాయాలా అన్నది. ఇంగ్లిష్‌లో రెండింటికీ ‘హిమ్’ ఒక్కటే కాబట్టి తేడా తెలియదు. తెలుగులో తెలుస్తుంది. ‘రవిని చూస్తున్నాను’ అంటే ‘లె’. ‘రవికి ఇస్తున్నాను’ అంటే ‘లుయి’. ‘అమ్మమ్మకి ఫోన్ చేస్తున్నాను’ అన్నా ‘లుయి’యే: ‘జె లుయి తెలెఫొన్’. ‘ని’ వస్తే మగవారికి ‘లె’, ఆడవారికి ‘లా’. ‘కి’ వస్తే ఇద్దరికీ ‘లుయి’.

అయితే అన్నిచోట్లా ఈ సూత్రం పనిచేయదు. మనం ‘రవికి సాయం చేస్తున్నాను’ అంటాం, ఫ్రెంచ్‌లో అక్కడ ‘లె’ వాడాలి. ‘రవిని అడుగుతున్నాను’ అంటాం, అక్కడ ‘లుయి’ కావాలి. ఇలాంటి క్రియలను నోట్‌బుక్ చివరి పేజీలో విడిగా రాసుకోమనండి. ‘చూడు’ అని ఆజ్ఞాపించేటప్పుడు సర్వనామం క్రియ తర్వాతికి వెళ్తుంది: ‘రెగార్ద్ లె’. ‘చూడకు’ అన్నప్పుడు మళ్లీ ముందుకు వస్తుంది.

మీకు ఫ్రెంచ్ రాకపోయినా సాయం చేయవచ్చు. రాత్రి భోజనాల దగ్గర ఐదు నిమిషాలు చాలు. ‘పుస్తకం చదువుతున్నావా?’ అని అడగండి. పేరు మళ్లీ చెప్పకుండా ముందు తెలుగులో ‘అవును, దాన్ని చదువుతున్నాను’ అనాలి, తర్వాత ఫ్రెంచ్‌లో ‘వీ, జె లె లీ’ అనాలి. ‘యాపిల్ తింటున్నావా?’ అంటే జవాబు ‘వీ, జె లా మాంజ్’. ఫ్రెంచ్‌లో పుస్తకం పుంలింగం, యాపిల్ స్త్రీలింగం కాబట్టి ఒకచోట ‘లె’, ఇంకోచోట ‘లా’ వచ్చాయి.

ఇంట్లో తెలుగు మాట్లాడితే మూడో భాష దెబ్బతింటుందేమోనని కొందరు తల్లిదండ్రులు భయపడుతుంటారు. ఈ పాఠంలో మాత్రం మీ తెలుగే మీ పిల్లలకు అండ. ‘ని’కీ ‘కి’కీ తేడా వాళ్లకు బడికి రాకముందే తెలుసు. నేర్పింది మీరే.

– ఫ్రెంచ్ విభాగం