చిన్నపేటలో భోజనమెచ్చట?

లంకగ్రామములనుండియు, దూరపు పల్లెలనుండియు చదువుకొఱకు అమలాపురము, రాజోలు, కొత్తపేట మొదలగు పట్టణములకు వచ్చి, ఏదో యొక పేటలో గది యద్దెకు తీసికొని నివసించు విద్యార్థికి మొదటి దినముననే తోచు ప్రశ్న యొకటి కలదు. పుస్తకము లెచ్చట దొరకునని కాదు. అన్న మెచ్చట దొరకునని. బజారునకు బోయినచో హోటళ్లు పెక్కు గలవు. కాని బజారు దూరము; ప్రతిపూటయు నచ్చటికి బోయి తినుటకు చేతిసొమ్ము చాలదు. ఇండ్లే తప్ప అంగళ్లు లేని చిన్నపేటలో ఆకలిగొన్న పిల్లవానికి దారి యేది? ఈ సంగతిని గూర్చి మన విద్యార్థులకును, వారిని పంపిన తలిదండ్రులకును కొంత తెలుపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

పూర్వకాలమున ఈ ప్రశ్నకు మఱియొక ప్రశ్నయే సమాధానముగా వచ్చెడిది: "నీ వెవరివాడవు, నాయనా?" అని. బ్రాహ్మణబాలుడైనచో వారములు చేసికొనెడివాడు; అనగా ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని, దినమున కొక్క యింట భుజించెడివాడు. చేత డబ్బున్నవారికి పూటకూళ్లయిండ్లు గలవు. పూటకింత యని వెల పుచ్చుకొని కూడు పెట్టుటచే వాని కా పేరు వచ్చినది. భర్తను గోల్పోయి వేఱాధారము లేని స్త్రీలు తఱచుగా ఆ వృత్తిచే జీవించెడివారు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము (1897) చదివినవారికి పూటకూళ్లమ్మ జ్ఞాపకముండకపోదు. ఆమెను జూచి నవ్వుట సులభమే. తెల్లవాఱకమునుపే లేచి పదిమందికి వండి, తిన్నవారిలో కొందఱు బాకీపెట్టి పోవుచుండగా దినములు గడపుకొన్న అట్టి స్త్రీల కష్టమును దలచినవా రరుదు.

పిమ్మట కాఫీహోటళ్లు వచ్చినవి. వానిలోను పంక్తిభేదము పోలేదు. పెక్కుచోట్ల బ్రాహ్మణులకు వేఱుగది, ఇతరులకు వేఱుగది యుండెడిది. అస్పృశ్యులని త్రోసివేయబడిన కులములవారి బిడ్డకు ఆ రెండు గదులలో నేదియు లేదు. చదువుకొనుటకు మిషనుబడి తలుపు తెఱచినను, మధ్యాహ్నమున కూర్చుండి తినుటకు వానికి బజారులో తావు లేకుండెను. మిషనువారు బడిప్రక్కనే వసతిగృహము లేల కట్టిరని యడుగువారికి సమాధానములో సగ మిచ్చట నున్నది. అచ్చట అందఱు నొక్క వరుసను కూర్చుండి, ఒక్క కుండలోని యన్నమే తినెడివారు. చారు పలుచన యని పిల్లలు గొణుగుకొన్న మాటయు నిజమే. అది వేఱు సంగతి.

ఈ సీమలో అన్నదానమనగానే డొక్కా సీతమ్మగారి పేరు చెప్పక తీఱదు. ఆమె 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరమునందు డొక్కా జోగన్నగారి యింటికి కోడలై వచ్చెను. ఆ యూరు వైనతేయపుటొడ్డున నున్నది. గౌతమికిని వసిష్ఠకును నడుమ నున్న యీ కోనసీమలో వంతెనలు పూర్తిగా నేర్పడని యా దినములలో ఏ యూరికి పోవలెనన్నను ఏదో యొక రేవు దాటవలసినదే. పడవ యెప్పుడు వచ్చునో తెలియదు. వచ్చువఱకు ఆకలి యాగదు. అట్టి బాటసారులకు వేళ యన్నది లేక ఆమె వండి పెట్టెను. ఆమె యొకసారి అంతర్వేది యాత్రకు బయలుదేఱి పోవుచు, దారిలో ఆకలికి ఏడ్చుచున్న పిల్లలను పెద్దవారు "గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టును" అని యోదార్చుచుండగా విని, యాత్ర మాని యింటికి మఱలెనని జనులు చెప్పుకొందురు. ఆమె 1909లో గతించెను. గన్నవరమువద్ద 2000 సంవత్సరమున పూర్తియైన క్రొత్త కాలువవంతెనకు ఆమె పేరు పెట్టిరి. 2024నుండి ఆంధ్రప్రదేశములోని బడులలో మధ్యాహ్నభోజన పథకమును ఆమె పేరనే జరుగుచున్నది. అయినను ఊరి కొక సీతమ్మగారుండరు గదా! ఒక పుణ్యస్త్రీ దయమీద ఆధారపడు అన్నము వేఱు. వెలయిచ్చి హక్కుతో కూర్చుండి తిను అన్నము వేఱు.

ఆ హక్కు శాసనరూపమున మనకు దొరకి యెంతయో కాలము కాలేదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగముయొక్క 15వ అధికరణము అంగళ్లలోను హోటళ్లలోను కులమునుబట్టి యెవ్వరిని అడ్డగింపరాదని చెప్పినది. 17వ అధికరణము అస్పృశ్యతనే రద్దుచేసినది. దాని నుల్లంఘించువారిని శిక్షించుటకు 1955లో చట్టము వచ్చెను. 1976లో దానికే పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు పెట్టిరి. అటుపిమ్మట గూడ తెలుగునాట పలుగ్రామముల టీకొట్లలో రెండుగ్లాసుల పద్ధతి సాగెను: కొందఱికి కొట్టులోని గ్లాసు, మఱికొందఱికి బయట చూరుక్రింద నుంచిన గ్లాసు, త్రాగినవాడే కడిగి పెట్టవలెను. కావున పేటలో భోజనపుతావు వెదకు పిల్లవాడు వంటకమును జూచుటకు ముందు, వచ్చినవారి నందఱ నొక్కరీతిగా కూర్చుండబెట్టుచున్నారో లేదో చూడవలెనని నా మతము.

ఇక నేటి పేటలసంగతి. బల్లకట్టిన హోటలు లేకున్నను, తెల్లవాఱుజామున ఏదో యొక యింటి యరుగుమీద పొయ్యి రగులుకొనును. వెదకుట కష్టము కాదు. గిన్నెలు చేతబట్టుకొని పోవు పిల్లల వెంట నడచిన చాలును. అచ్చట ఇడ్లీలు, అట్లు, పెసరట్లు దొరకును. అదృష్టము బాగున్నచో పొట్టిక్కలు దొరకును. అంబాజీపేట వీనికి ప్రసిద్ధి. పనసాకులను నాల్గింటిని చేర్చి, పుల్లలతో గ్రుచ్చి, చిన్నబుట్టగా కుట్టి, దానిలో మినపపిండియు బియ్యపురవ్వయు కలిపిన పిండి పోసి ఆవిరిమీద ఉడికింతురు. పిండి యిడ్లీపిండియే, కాని ఆవిరి తగిలిన పనసాకు తన వాసనను దాని కిచ్చును. పెరటిలో పనసచెట్టును, కొబ్బరిచెట్టును ఉన్న సీమ గనుకనే యీ వంటకము పుట్టినది. బుట్టకు ఖర్చు లేదు, పచ్చడికి కొబ్బరి కొదవ లేదు. ఆకు వేడిగా నుండగానే విప్పి తినవలెను. మినపపిండితో దళసరిగా, సన్నని సెగమీద కాల్చు దిబ్బరొట్టెయు నిట్టిదే. ఒక్కముక్క తిన్న పిల్లవాడు మధ్యాహ్నమువఱకు ఆకలి యనడు.

మధ్యాహ్నమునకు మెస్సులు గలవు. అవి పూర్వపు పూటకూళ్లయిండ్లకు మనుమరాండ్రే. భేదమేమన, ఇప్పుడు కుల మడుగరు, నెలసొమ్ము ముందుగా నడుగుదురు. రాత్రికి కర్రీపాయింటులను క్రొత్త కొట్లున్నవి. అన్నము గదిలో వండుకొని, పప్పో, పులుసో, వేపుడో పొట్లముగా కొనితెచ్చుకొనవచ్చును. ఇద్దఱు ముగ్గురు కలిసి యుండువారికి ఇది మిక్కిలి చౌక.

అయినను కన్నులు తెఱచి కొనవలెను. బజ్జీలు వేయు నూనె నల్లబడి, చిక్కనై, బాణలి పెట్టగానే పొగ లేచుచున్నదా? అది పలుమాఱు కాచినది. ధ్రువపదార్థములు నూటికి 25 పాళ్లు మించిన నూనె వాడరాదని 2018 జూలైనుండి దేశమంతట నియమ మున్నది. మనకు పరీక్షాసాధనములు లేవు గనుక కన్నును ముక్కునే నమ్మవలెను. పచ్చికొబ్బరి పచ్చడి వేసవిలో మధ్యాహ్నమునకే పులియును. సాయంకాలము టిఫినుతో దానిని వడ్డించినచో మొగమాటము లేక వలదనుడు. సముద్రమునకు చేరువ యూళ్లలో నూతినీరు ఉప్పన గనుక, త్రాగునీ రెచ్చటినుండి తెచ్చుచున్నారో అడుగుట తప్పు కాదు. నమోదుచేసికొన్న కొట్టునకు 14 అంకెల సంఖ్య యుండును. అది లేని అరుగుమీది పెద్దమ్మను అవమానింపనక్కఱలేదు. ఆమె చేతులు, గుడ్డ, గిన్నెలు శుభ్రముగా నున్నవో లేదో ఒక్క చూపున తెలిసిపోవును.

అప్పు పెట్టకుడు. అమ్మకపుసొమ్ముతోనే ఆమె మఱునాటి మినపపప్పు కొనవలెను. చిల్లర తీసికొనిపోయి, పెందలకడ పొండు. ఎనిమిది దాటినచో పొట్టిక్కలుండవు, అట్టుతో సరిపెట్టుకొనవలసినదే.